ఐటీ కొలువులకు గడ్డుకాలం: మన గంజాం తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు



కిందటి నెల మా సంఘం సమావేశం అయిపోయి, అందరూ టీ తాగి వెళ్ళిపోయాక ఒకాయన మాత్రం కుర్చీలోనే ఉండిపోయాడు. రంభ బజారులో చిన్న కిరాణా కొట్టు ఆయనది. పెద్దకొడుకు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ వారమే పైవాళ్ళు పిలిచి "నీకు ప్రాజెక్టు లేదు, నువ్వే రాజీనామా ఇచ్చుకుంటే నీకే గౌరవం" అన్నారట. చిన్నకొడుకు ప్లస్ టూ చదువుతున్నాడు. "అన్నయ్యా, పెద్దవాడు సంతకం పెట్టాలా, మానాలా? చిన్నవాణ్ణి కంప్యూటర్ ఇంజినీరింగులో చేర్చాలా, మానాలా?" అని అడిగాడు.

నేను కంప్యూటర్ మనిషిని కాను. ముప్పై ఆరేళ్ళు గుమస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి. అందుకని ఆ రోజు "నాలుగు రోజులు ఆగు తమ్ముడూ, సంతకం మాత్రం పెట్టొద్దని చెప్పు" అని పంపించాను. తరువాత హైదరాబాదు, బెంగళూరు, భువనేశ్వర్‌లలో ఉన్న మన పిల్లలతో మాట్లాడాను, దొరికిన కాగితాలు చదివాను. తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఇల్లు మన చుట్టుపక్కల ఒక్కటే లేదు మరి.

ముందుగా, నిజంగా జరిగింది ఏమిటి? 2024 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో 13 వేల మంది పైచిలుకు, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలు, విప్రోలో 24 వేల పైచిలుకు ఉద్యోగులు తగ్గారు. అందరినీ మెడపట్టి గెంటలేదు. మానేసినవాళ్ళ జాగాలో కొత్తవాళ్ళను తీసుకోలేదు. తరువాత 2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగులలో 2 శాతం మందిని, అంటే 12 వేల మంది పైగా, తగ్గిస్తామని చెప్పింది. అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయి వాళ్ళు. టాటా పేరున్న కంపెనీ గవర్నమెంటు నౌకరీలాంటిదని పెళ్ళి సంబంధాలు కుదుర్చుకున్న కుటుంబాలకు ఆ వార్త పిడుగులా పడింది.

అయితే మొత్తం పరిశ్రమ మునిగిపోయిందా అంటే లేదు. నాస్కామ్ లెక్కల ప్రకారం దేశంలో ఈ రంగంలో సుమారు 58 లక్షల మంది ఉన్నారు, ఆ సంఖ్య కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంది. పెరుగుదల జరిగే చోటు మారింది. విదేశీ బ్యాంకులు, మందుల కంపెనీలు, దుకాణాల గొలుసులు మన కంపెనీలకు కాంట్రాక్టు ఇవ్వడం కొంత తగ్గించి, హైదరాబాదు, బెంగళూరులలో సొంత ఆఫీసులే తెరుస్తున్నాయి. వీటిని జీసీసీలు అంటున్నారు. దేశంలో ఇవి 1,700 పైగా ఉన్నాయి, 19 లక్షల మంది పనిచేస్తున్నారు. జీతాలు బాగుంటాయి. చిక్కేమిటంటే, వీళ్ళు కాలేజీకి వచ్చి బస్సులకొద్దీ పిల్లల్ని ఎక్కించుకుపోరు. నాలుగైదేళ్ళు పని తెలిసినవాడిని ఒక్కొక్కడిగా ఏరుకుంటారు.

పిల్లలు "బెంచ్" అంటారు, అదేమిటో ఇంట్లో పెద్దవాళ్ళకు చాలామందికి తెలియదు. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల వ్యాపారం ఎక్కువగా మనుషుల లెక్క మీద నడుస్తుంది. ఇంతమందిని ఇన్ని గంటలు మీ పనికి పెట్టాం, ఇంత ఇవ్వండి అని అమెరికా ఖాతాదారుకు బిల్లు వేస్తారు. బిల్లులో పేరున్నవాడు కంపెనీకి ఆదాయం, బిల్లులో లేనివాడు ఖర్చు. పని అయిపోయి మరో పని దొరికేదాకా ఖాళీగా ఉండటమే బెంచ్. ఇదివరకు ఆరు నెలలు కూడా కూర్చోబెట్టేవారు, ఎందుకంటే రేపు పెద్ద కాంట్రాక్టు వస్తే మనుషులు సిద్ధంగా ఉండాలి. కరోనా కాలంలో ప్రపంచమంతా ఇంట్లో కూర్చుని అన్నీ ఆన్‌లైన్‌లో కొన్నది కదా, ఆ పని చూసి 2021, 2022లలో కంపెనీలు లెక్కలేనంత మందిని తీసుకున్నాయి. తరువాత అమెరికాలో వడ్డీలు పెరిగాయి, ఖాతాదారులు ఖర్చు బిగించారు. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేశాయి. అక్కడ తుమ్మితే ఇక్కడ జలుబు చేసే వ్యాపారం ఇది. మన చిలికా రొయ్యకూ ఇదే గతి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతు ఎలా బెంబేలెత్తాడో రంభలో వేరే చెప్పక్కరలేదు.

ఇలాంటి దెబ్బలు ఇంతకు ముందూ తగిలాయి. 2001లో అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలినప్పుడు వీసా మీద వెళ్ళిన తెలుగు కుర్రాళ్ళు సూట్‌కేసులతో తిరిగివచ్చారు. 2008 సెప్టెంబరులో లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ వేడి చల్లారకముందే 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు గారి ఉత్తరం బయటపడింది. ఆ రాత్రి హైదరాబాదులో ఎన్ని వేల ఇళ్ళలో పొయ్యి వెలగలేదో! కేంద్రం రెండు రోజుల్లో బోర్డును రద్దుచేసి కొత్తవాళ్ళను వేసింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని దక్కించుకుంది. రెండుసార్లూ ఒకటి రెండేళ్ళలో ఉద్యోగాలు మళ్ళీ వచ్చాయి. కాబట్టి ఇదీ పోతుందిలే అని కొందరు ధైర్యం చెబుతున్నారు.

నాకు అంత ధైర్యం లేదు. ఎందుకో చెబుతాను. నేను కొలువులో చేరినప్పుడు మా ఆఫీసులో నలుగురు టైపిస్టులు. కార్బన్ కాగితం పెట్టి మూడు కాపీలు కొట్టేవారు, తప్పుపోతే ముగ్గురికీ తిట్లు. తరువాత కంప్యూటరు వచ్చింది. ఒక్క టైపిస్టును కూడా తీసెయ్యలేదు. ఒకాయన రిటైరయ్యాడు, ఆ పోస్టు నింపలేదు. ఒకావిడ బదిలీ అయింది, ఆ పోస్టూ నింపలేదు. నేను దిగిపోయేనాటికి టైపిస్టు అన్న పోస్టే పట్టికలో లేదు. పోయిన ఉద్యోగం కోసం ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే అది దక్కవలసినవాడు ఇంకా బడిలో ఉన్నాడు.

ఇప్పుడు కృత్రిమ మేధతో జరుగుతున్నది ఇంచుమించు ఇదే. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. చిన్నచిన్న ప్రోగ్రాములు రాయడం, రాసినదాన్ని పరీక్షించడం, తప్పుల చిట్టా తయారుచెయ్యడం, వచ్చిన ఫిర్యాదుకు ముక్తసరి జవాబు ఇవ్వడం అన్నవి కాలేజీ నుంచి వచ్చిన పిల్లవాడికి మొదటి రెండేళ్ళూ ఇచ్చే పనులు. వాటిలో కొంత భాగం యంత్రం చేసేస్తోంది. పది మంది చేసేచోట ఆరుగురితో సరిపెడుతున్నారని మన పిల్లలే చెబుతున్నారు. యంత్రం ఇచ్చినది తప్పో ఒప్పో చూడగలిగినవాడు కావాలి, కానీ ఆ చూపు కొత్తవాడికి ఉండదు. కొత్తవాడి జీతం పదిహేనేళ్ళుగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఎందుకు నిలిచిపోయిందో కూడా దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. యంత్రం రాకముందే అక్కడ మనుషులు కావలసినదానికన్నా ఎక్కువయ్యారు.

ఇక పెద్దకొడుకు సంగతి. ఈ భాగం కాస్త ఓపికగా చదవండి.

"రాజీనామా" అన్న మాటకూ "తొలగింపు" అన్న మాటకూ మధ్య చాలా డబ్బు ఉంది. ఉద్యోగి తనంతట తాను మానేస్తున్నానని సంతకం పెడితే చట్టం దృష్టిలో కంపెనీ ఏ తప్పూ చెయ్యలేదు. కంపెనీయే మనిషి ఎక్కువయ్యాడని తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి అలా తియ్యాలంటే నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్నదే ఇది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఈ పరిహారం కొనసాగింది. పైగా కొత్త పని నేర్చుకోవడానికి మరో 15 రోజుల జీతం 45 రోజుల్లో ఖాతాలో వెయ్యాలని కొత్తగా చేర్చారు. ఉద్యోగం పోయినా, మానేసినా రావలసిన జీతం బాకీ రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్‌లో ఉంది.

ఇక్కడొక మెలిక ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి "కార్మికుడు" అవునా కాదా? మేనేజరు పని చేసేవాడు కాడు. పదవి పేరులో మేనేజరు అని తగిలించినంత మాత్రాన మేనేజరు అయిపోడు, చేసే పనే లెక్క. 2015లో చెన్నైలో ఉద్యోగం పోయిన ఒక ఐటీ ఉద్యోగి ఏడేళ్ళు తిరిగి, 2022లో అక్కడి లేబర్ కోర్టులో తాను కార్మికుణ్ణేనని తీర్పు తెచ్చుకున్నాడు. ఏడేళ్ళు అన్నది మరచిపోకండి. అంత ఓపిక, అంత డబ్బు ఎందరికి ఉంటాయి? కోర్టుకు వెళ్ళమని నేను చెప్పను. కానీ చట్టంలో ఏముందో తెలిసినవాడితో కంపెనీ మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ఈ సందర్భంలో ఒక మాట. కార్మికుల తరఫున ఈ దేశంలో గట్టిగా మాట్లాడిన వి.వి.గిరి గారు పుట్టింది మన బరంపురంలోనే, 1894లో. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉంటూ, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం తగ్గించిందని 1954లో మంత్రి పదవే వదులుకున్నారు. తరువాత రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు, ఈ రాజీనామా సంగతి మన పిల్లల్లో పదిమందికైనా తెలుసో లేదో.

ఇప్పుడు చెయ్యవలసినవి. రాజీనామా ఇమ్మని నోటితో చెప్పినప్పుడు "ఆ మాట ఈమెయిల్‌లో పంపండి" అని మర్యాదగా అడగాలి. అప్పటికప్పుడు గదిలో కూర్చోబెట్టి సంతకం అడిగితే ఒక రోజు గడువు కోరాలి. ఇవ్వకపోతే, అలా అడిగారని ఆ సాయంత్రమే తన సొంత ఈమెయిల్ నుంచి వాళ్ళకు రాసి ఉంచుకోవాలి. ఆఫీసు కంప్యూటరు తీసుకునేలోగా జీతం చీటీలు, ఆఫర్ లెటరు, ఇంక్రిమెంటు ఉత్తరాలు, ఏటా ఇచ్చిన మార్కుల కాగితాలు దాచుకోవాలి. తన కాగితాలే సుమా, కంపెనీ పని తాలూకు ఒక్క ఫైలు కూడా ముట్టుకోకూడదు. అది వేరే కేసు అవుతుంది.

ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుంది, రాజీనామా ఇచ్చినా వస్తుంది. మన కిరాణా కొట్టాయన కొడుక్కి ఆరేళ్ళు నిండాయి, ఆ సంగతి ఆ అబ్బాయికే తెలియదు! పీఎఫ్ మాత్రం కంగారుపడి తియ్యకండి. అయిదేళ్ళలోపు తీస్తే పన్ను పడవచ్చు. పింఛను రావాలంటే మొత్తం పదేళ్ళ సర్వీసు ఉండాలి, మధ్యలో డబ్బు తీసేసుకుంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. కొత్త కంపెనీలో చేరగానే అదే యూఏఎన్ నంబరు ఇచ్చి బదిలీ చేయించుకోవాలి.

అన్నిటికన్నా మన ఇళ్ళలో దెబ్బ తగిలేది ఆరోగ్య బీమా దగ్గర. తల్లిదండ్రుల షుగరు, గుండె మందులు, ఆసుపత్రి ఖర్చు అంతా కొడుకు కంపెనీ బీమా మీద నడుస్తూ ఉంటుంది. ఉద్యోగం చివరి రోజుతో ఆ బీమా ఆగిపోతుంది. దాన్ని అదే బీమా కంపెనీలో సొంత పాలసీగా మార్చుకునే వీలు ఉంది, కానీ ఉద్యోగంలో ఉండగానే అడగాలి. ప్రీమియం ఎక్కువే. అయినా అరవై దాటినవాళ్ళకు కొత్త పాలసీ దొరకడం ఎంత కష్టమో నేను స్వయంగా తిరిగి చూశాను.

అమెరికాలో ఉన్నవాళ్ళ సంగతి క్లుప్తంగా. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే మరో కొలువు చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. 2025 సెప్టెంబరు నుంచి కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పంపుదామనుకునేవారు ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకోండి. చదువు కోసమైతే సరే, అప్పు తీర్చే ఉద్యోగం అక్కడే దొరుకుతుందన్న నమ్మకంతో మాత్రం వద్దు.

ఉద్యోగాలు తగ్గినప్పుడు దళారులు పెరుగుతారు. మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్టు, జీతం చీటీలు అన్నీ ఒక కన్సల్టెన్సీ దగ్గర డబ్బు పోసి కొన్నాడు. ఉద్యోగం వచ్చింది కూడా. ఏడో నెలలో పీఎఫ్ చరిత్ర అడిగారు. యూఏఎన్‌లో ఎవరు, ఏ నెల నుంచి ఏ నెల దాకా డబ్బు కట్టారో ఉంటుంది. ఆ మూడేళ్ళూ ఖాళీ. సాయంత్రానికల్లా బయటికి పంపేశారు, ఇప్పుడు ఆ మచ్చ వల్ల చిన్న కంపెనీ కూడా పిలవడం లేదు. వాళ్ళ నాన్న పొలం అమ్మి కట్టిన డబ్బు అది.

ఇంతకన్నా భయంకరమైనది విదేశాల్లో "డేటా ఎంట్రీ", "కస్టమర్ సపోర్ట్" ఉద్యోగాల పేరిట జరుగుతోంది. థాయ్‌లాండ్ అని చెప్పి విమానం ఎక్కిస్తారు, అక్కడి నుంచి సరిహద్దు దాటించి మయన్మార్‌లోకో, లేదా కాంబోడియాకో చేరుస్తారు. పాస్‌పోర్టు లాక్కుని, మనవాళ్ళకే ఫోన్లు చేసి మోసం చేసే పనిలో పెడతారు. చెయ్యనంటే కొడతారు. 2024 మేలో విశాఖ పోలీసులు కాంబోడియాకు ఇలా కుర్రాళ్ళను పంపుతున్న ఏజెంట్లను పట్టుకున్నారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు శిబిరాల నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు.

మయన్మార్ పేరు విన్నప్పుడల్లా నాకు మా తాతగారి తరం గుర్తుకొస్తుంది. ఈ గంజాం తీరం నుంచి మన తెలుగువాళ్ళు గోపాల్‌పూర్‌లో స్టీమరు ఎక్కి రంగం వెళ్ళేవారు. మేస్త్రీ ముందు కొంత అడ్వాన్సు ఇచ్చేవాడు, అది తీరేదాకా అతని కింద చాకిరీ. ధాన్యం మిల్లులు, ఓడరేవు బాగున్నన్నాళ్ళు మనియార్డర్లు వచ్చాయి. 1930లో ప్రపంచమంతా మాంద్యం, రంగం రేవులో పని తగ్గింది, ఆ ఏడు మే నెలలో తెలుగు రేవు కూలీలకూ బర్మావాళ్ళకూ మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. 1942లో జపాను రంగాన్ని పట్టుకున్నప్పుడు లక్షల మంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు, దారిలో ఎంతోమంది పోయారు. వెళ్ళే చోట పని ఎవరిది, డబ్బు ఎవరిస్తారు, తిరిగి రావాలంటే దారేది అని ఆనాడు అడిగే వీలు లేదు. ఈనాడు ఉంది. విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు కేంద్రం లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి రమ్మన్నాడంటే అక్కడితో ఆపెయ్యండి. డబ్బు మోసం అయితే 1930కి ఫోన్ చెయ్యండి.

సరే, చిన్నకొడుకు సంగతి. "కంప్యూటర్ ఇంజినీరింగు వద్దు" అని నేను అనలేను. "అదొక్కటే" అనుకోవడం మాత్రం తప్పు. లెక్కలు ఇష్టంగా చేసే పిల్లవాడు, చెప్పకుండానే ఏదో ఒకటి విప్పి చూసే పిల్లవాడు ఏ కాలంలోనైనా బతుకుతాడు. పక్కింటివాడు చేరాడని చేరేవాడికే కష్టం. మెకానికల్, ఎలక్ట్రికల్ సీట్లు ఖాళీగా పడి ఉంటున్నాయి. మన బరంపురం ఐటీఐకి దేశమంతటా మంచి పేరుంది, అక్కడ నేర్చుకున్నవాణ్ణి చూసి మనం ముక్కు చిట్లిస్తాం. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

విశాఖ ఆశ కూడా చాలామంది చెబుతున్నారు. మనకు హైదరాబాదు కన్నా విశాఖ దగ్గర, రంభలో పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉండవచ్చు. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు అక్కడ 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు, 12 వేల ఉద్యోగాలన్నారు. అక్టోబరులో గూగుల్ అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. మంచిదే. కానీ గూగుల్ కట్టేది డేటా సెంటరు. కట్టేటప్పుడు వేలమందికి పని, కట్టాక లోపల మనుషులు కొద్దిమందే. అక్కడ కావలసింది కరెంటు, చల్లదనం, కాపలా, మరమ్మతులు తెలిసినవాళ్ళు. అంటే మళ్ళీ ఎలక్ట్రికల్, ఏసీ మెకానిక్. పైన ఐటీఐ మాట ఊరికే అనలేదు.

ప్రైవేటు కొలువు పోయినవాళ్ళు ఇప్పుడు గవర్నమెంటు పరీక్షల వైపు చూస్తున్నారు. ఇక్కడే మనకు రెండు వైపులా గోడ. ఆంధ్రా ఉద్యోగాలకు వెళ్తే ఒడిశాలో చదివినవాడు నాన్ లోకల్. ఒడిశా ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి, ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి. ఇంగ్లీషు మీడియంలోనో, తెలుగు బడిలోనో, చిన్నప్పుడే ఆంధ్రాలో హాస్టల్లోనో చదివిన మన పిల్లలు బజారులో ఒడియా గడగడా మాట్లాడతారు, రాయమంటే రాదు. అలాంటివారి కోసం ఎంఈ స్థాయి ఒడియా పరీక్ష వేరుగా ఉంది. అది పాసై ఆ సర్టిఫికెట్టు ఉంచుకోండి, నోటిఫికేషను వచ్చాక పరుగెత్తితే అందదు. బ్యాంకు క్లర్కు ఉద్యోగాలకూ రాష్ట్ర భాష చూస్తారు. తెలుగు మానమని కాదు సుమా! తెలుగు సంఘం కార్యదర్శినే ఒడియా నేర్చుకోండని రాస్తున్నానంటే అవసరం ఎంతో మీరే గ్రహించండి.

కిరాణా కొట్టాయన పెద్దకొడుకు ఆ రోజు సంతకం పెట్టలేదు. ఈమెయిల్ అడిగాడు. వారం తరువాత కంపెనీవాళ్ళే మళ్ళీ పిలిచి మూడు నెలల జీతం, గ్రాట్యుటీ ఇస్తామన్నారు, కాగితం మీద రాయించుకుని బయటికి వచ్చాడు. ఉద్యోగం నిలవలేదు. ప్రస్తుతం రంభలోనే ఉన్నాడు. పొద్దున్న కొట్టులో కూర్చుంటున్నాడు, మధ్యాహ్నం ఇంటర్వ్యూలకు చదువుకుంటున్నాడు, సాయంత్రం మా పక్కింటి ఒడియా మాస్టారి దగ్గర అక్షరాలు దిద్దుతున్నాడు. బీమా మాత్రం ఆలస్యమైపోయింది, వాళ్ళ అమ్మగారికి కొత్త పాలసీ కోసం ఇంకా తిరుగుతున్నారు.

వచ్చే నెల నుంచి ప్రతి రెండో ఆదివారం ఉదయం 10 గంటలకు సంఘం గదిలో ఉంటాను. లేబర్ కాగితాలు తెలిసిన రిటైర్డు మిత్రులొకరు కూడా వస్తామన్నారు. ఉద్యోగం పోయినవాళ్ళు, పోతుందేమోనన్న భయం ఉన్నవాళ్ళు, లేదా వాళ్ళ తల్లిదండ్రులు రండి. ఆఫర్ లెటరు, చివరి మూడు జీతం చీటీలు, పీఎఫ్ పాస్‌బుక్, బీమా కార్డు తీసుకురండి. జిరాక్సులు శనివారమే తీయించుకోండి, ఆదివారం రంభలో షాపు తెరవడు.